పడవలున్న బొమ్మలు ఎంచుకోండి

ఆమెకి ఈతంటే ప్రాణం. అయినా కొన్నేళ్ళుగా ఈతకొలనులో ఆమెకి దొరుకుతున్నది మిట్టమధ్యాహ్నం వేళ మాత్రమే. అది చిన్నపిల్లలకి ఈత నేర్పే వేళ. పక్క లేన్‌లో పిల్లలు కాళ్ళు టపటపా కొడుతూ నీళ్ళు చిమ్ముతుంటే, మాస్టారి ఈల చెవులకి తూట్లు పొడుస్తుంటే, ఆమె లేన్ తాడుకి భుజం రాసుకుంటూ, ఎవరి తల తన తలకి తగులుతుందో అని బిక్కుబిక్కుమంటూ ఈదేది. చూపున్న రోజుల్లో ఆమె తెల్లవారుతూనే వెళ్ళేది. అప్పుడు కొలను ఇంకా నిద్ర లేవనట్టుండేది. నీళ్ళని చీల్చే తన చేతుల చప్పుడు తనకే వినిపించేది. చూపు పోయాక ఆ చప్పుడుతో అవసరం ఇంకా పెరిగింది, ఎటు పోతున్నదీ దాన్నిబట్టే తెలియాలి కాబట్టి. సరిగ్గా అప్పుడే అది ఆమెకి దూరమైంది.

ఎవరూ రావద్దనలేదు. గుమ్మం దగ్గర ఎవరూ చెయ్యడ్డం పెట్టలేదు. "లేన్ కావాలంటే సైటులో బుక్ చేసుకోండి, అంతే" అన్నారు. ఆ "అంతే" దగ్గరే ఉంది తిరకాసంతా.

వారానికోసారి సైటులో లేన్లు తెరుస్తారు. మంచి వేళలన్నీ రెప్పపాటులో ఎగిరిపోతాయి. ఆమె వంటింటి గుమ్మంలో నిలబడి మరిదిని అడగాలి. అతను "అలాగే వదినా" అంటాడు. నిజంగానే చేస్తాడు కూడా, గుర్తొచ్చినప్పుడు. అప్పటికి మిగిలేది మిట్టమధ్యాహ్నం. దొరికిందే చాలనుకుని ఆమె సంచీ సర్దుకునేది. ఒక్కనాడూ పెదవి విప్పి ఇదేమిటని అడగలేదు.

కంప్యూటర్ రాక కాదు. ఆసుపత్రిలో డాక్టర్లు రికార్డు చేసి పంపే మాటలు విని, టైపు చేసి ఇచ్చే ఉద్యోగం ఆమెది. నోరు తిరగని మందుల పేర్లు సైతం ఆమె వేళ్ళకింద నీళ్ళలా జారిపోతాయి. తెరమీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఉంది ఆమె దగ్గర. దానికి "గుమస్తా" అని పేరు పెట్టింది. ఎవరు పుట్టినా ఎవరు పోయినా ఒకే గొంతుతో చదువుతాడు కాబట్టి ఆ పేరు. ఒకసారి ఆ గుమస్తాని వెంటబెట్టుకుని కొలను సైటులోకి వెళ్ళింది. లోపల వాడు చదివింది ఇది: "బొమ్మ. బొమ్మ. బటన్. బటన్. బటన్. బటన్." ఏ బటన్ ఏమిటో చెప్పడు. ధైర్యం చేసి ఒకటి నొక్కింది. "మీ సమయం ముగిసింది" అన్నాడు. కంప్యూటర్ మూసేసి, "నాకే చేతకాలేదు" అనుకుంది. ఎవరికీ చెప్పలేదు.

ముఖ్యంగా మరిదికి చెప్పలేదు. ఎందుకంటే ఆ సైటు చేసింది అతనే.

భర్త రైలు గార్డు. ఇంట్లో ఉండే రోజులకన్నా బండిలో ఉండే రోజులే ఎక్కువ. అందుకని మరిది కుటుంబం, వాళ్ళూ ఒకే ఇంట్లో ఉంటారు. ముందు గది మరిది ఆఫీసు. ఊళ్ళో సగం దుకాణాలకీ బళ్ళకీ సైట్లు చేసిపెట్టింది అతనే. రంగుల మనిషి. ఒక నీలం మీద ఇంకో నీలం పెట్టి పొద్దంతా చూసుకోగలడు. కొలను సైటులో అలలు కదులుతాయి, ఖాళీ లేన్లు ఆకుపచ్చగా, నిండినవి ఎర్రగా మెరుస్తాయి. దానికి అందమైన సైటని షీల్డు కూడా ఇచ్చారు. ఆ షీల్డు హాల్లో ఫ్రిజ్ మీద ఉంటుంది. వచ్చినవాళ్ళందరూ మంచినీళ్ళు తాగే ముందు దాన్ని చూడాలి.

పోయినేడు ఆ షీల్డు ఇచ్చిన ఉదయమే, అదే సైటులో సరస్సు ఈతకి పేర్లు తీసుకున్నారు. ఒడ్డు నుంచి ఒడ్డుకి ఈదే పెద్ద ఈత. పేర్లు సైటులోనే ఇవ్వాలి, చోట్లు తక్కువ. వదిన పేరు ఇస్తానన్న మరిది వేదికమీద దండ వేయించుకుంటున్నాడు. దండ తీసేసరికి చోట్లు నిండిపోయాయి. ఇంటికొచ్చాక అతని భార్యే అడిగింది.

"షీల్డు సరే, అక్క పేరేదీ?"

అతను నాలుక్కరుచుకున్నాడు. వదిన మాత్రం షీల్డుని చేత్తో తడిమి చూసి, "బాగా బరువుగా ఉంది బాబూ" అంది.

ఈ ఏడు మళ్ళీ సరస్సు ఈత ప్రకటించారు. చూపులేని వాళ్ళు నడుముకి తాడు కట్టుకుని తోడు ఈతగాళ్ళతో కలిసి ఈదవచ్చన్నారు. తోడు ఎవరో వెతుక్కోనక్కర్లేదు. తోడికోడలు అప్పటికే ఆమెతో కలిసి నీళ్ళలోకి దిగుతోంది. ఇద్దరి మధ్యా మూరెడు తాడు. ఇంట్లో ఎప్పుడు చూసినా ఒకరి మాట ఒకరికి పడదు కానీ, నీళ్ళలో మాత్రం ఒకరి చెయ్యి లేచినప్పుడే రెండో చెయ్యి లేస్తుంది.

"ఈసారి పేరు నేనే ఇస్తాను" అంది ఆమె.

"ఎందుకు వదినా శ్రమ? ఈసారి అలారం పెట్టుకుంటాగా" అన్నాడు మరిది.

"అలారం మోగితే నువ్వు లేస్తావు. నాకు కావాల్సింది నువ్వు లేవడం కాదు."

ఆ ఆదివారం అతన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఆరేసిన ఈత తువ్వాలు తెచ్చి తెరమీద కప్పింది. మౌస్ తీసి తోడికోడలి చేతికిచ్చింది.

"ఇప్పుడు నాకొక లేన్ బుక్ చెయ్యి. ఏ వేళైనా పర్లేదు."

"ఇంతేగా!" అని అతను వేళ్ళు విరిచాడు.

గుమస్తా మొదలుపెట్టాడు. "బొమ్మ. బొమ్మ. బటన్. బటన్. బటన్."

అతను నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. ఇంకాసేపటికి నుదురు తుడుచుకున్నాడు.

"వదినా, ఇది మన సైటేనా?"

"మనదే మరిదిగారూ. తమరికి దండ వేయించిన సైటే."

"పచ్చవి ఎక్కడున్నాయి?"

"పచ్చ ఏ చప్పుడు చేస్తుందో నాకు తెలీదు. నీకు తెలిస్తే చెప్పు."

తోడికోడలు మౌస్‌ని తోక పట్టి ఊపుతూ పక్కున నవ్వింది. "మీ అలలు కదులుతున్నాయా లేదా, అది చెప్పండి ముందు!"

"మీ సమయం ముగిసింది" అన్నాడు గుమస్తా.

అతను తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "ఇన్నాళ్ళూ నాతో ఎందుకు చెప్పలేదు వదినా?"

"నాకు చేతకాదేమో అనుకున్నాను."

ఆ మాట అతనికి ముల్లులా దిగింది. తిట్టినా అంత బాధపడేవాడు కాదు. కానీ బాధపడుతూ కూర్చునే రకం కాదు అతను. పొయ్యిమీద పాలు పొంగినట్టు పొంగే మనిషి. మర్నాటినుంచి ముందు గదిలో సందడే సందడి. ప్రతి బటన్‌కీ గుమస్తా చదవగలిగేలా ఒక పేరు. రంగుతో పాటు "ఖాళీ", "నిండింది" అనే మాటలు. మౌస్ లేకుండా, కీబోర్డుమీద ట్యాబ్ కీ నొక్కుకుంటూ మొదటినుంచి చివరిదాకా వెళ్ళే దారి. నీలంమీద నీలం పోయి, చూపు మందగించినవాళ్ళకి కూడా ఆనేలా తెల్లటి అడుగుమీద నల్లటి అక్షరాలు. ఒక్కొక్కటి కుదిరినప్పుడల్లా "వదినా!" అని కేక. ఆమె చేతిలో పనేదో వదిలేసి పరుగున వచ్చేది. గుమస్తా "బుధవారం, ఉదయం ఆరు, మూడో లేన్, ఖాళీ" అని మొదటిసారి చదివిన రోజు ఆమె కుర్చీ పట్టుకుని నిలబడిపోయింది.

"మళ్ళీ చదివించు" అంది.

చదివించాడు.

"ఇంకోసారి."

ఉత్సాహం ఎక్కువైతే వచ్చే తిప్పలు కూడా వచ్చాయి. బొమ్మలకి వివరణ రాయాలని తెలిసిందే తడవు, అతనిలో దాగున్న కవి బయటికొచ్చాడు. ఆమె లేన్ కోసం వెళ్తే గుమస్తా ఏ భావమూ లేకుండా ఇలా అందుకున్నాడు: "లేత సూర్యకిరణాలు ముద్దాడుతున్న నీలిజలాలపై చిరునవ్వు చిందిస్తూ ఈదులాడుతున్న యువతి, వెనకాల మూడు కుండీలు."

"ఆ కుండీలతో నాకేం పని బాబూ?"

"వాతావరణం తెలియాలి కదా వదినా."

"లేన్ దొరికితే వాతావరణం నేనే వెళ్ళి చూసుకుంటాను. ఊరికే అలంకారానికి పెట్టిన బొమ్మైతే గుమస్తాని దాటిపొమ్మను."

దానికన్నా పెద్ద తిప్పలు గడియారంతో వచ్చాయి. లేన్ ఎంచుకున్నాక కొంతసేపట్లో ఖాయం చెయ్యకపోతే అది పోతుంది. ఎంత సమయం మిగిలిందో వదినకి తెలియాలని, గడియారం కదిలినప్పుడల్లా గుమస్తా పైకి చెప్పేలా పెట్టాడు మరిది. ఇక వాడు "యాభైతొమ్మిది, యాభైఎనిమిది, యాభైఏడు" అని లెక్కపెడుతూనే ఉన్నాడు తప్ప ఇంకేమీ చదవడు. ఆమె ఏ బటన్‌మీదికి వెళ్ళినా పేరు సగంలో మింగేసి మళ్ళీ అంకెల్లోకి దూకుతాడు.

"ఆపవయ్యా వాడిని! రాకెట్ ఎగరేస్తున్నట్టుంది!" అని ఆమె చెవులు మూసుకుంది. ముగ్గురూ కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. నవ్వయ్యాక గడియారం నోటికి తాళం పడింది. మొదట్లో ఒకసారి, అయిపోవస్తున్నప్పుడు ఒకసారి మాత్రం చెబుతుంది. ఏదైనా కీ నొక్కితే ఇంకాస్త గడువిస్తుంది, అడిగినవాళ్ళందరికీ.

పని అక్కడితో అయిందనుకునేవాళ్ళే. ఇంతలో స్టీరింగ్ బాబాయి వచ్చాడు. ఆయన బస్సు డ్రైవరుగా చేసి దిగిపోయిన మనిషి, కొలనులో ఆమెకి ఈత స్నేహితుడు. చేతులు వణికే జబ్బు. నీళ్ళలో ఆ వణుకు తెలియదంటాడు, అందుకే రోజూ దిగుతాడు. ఆయన కొత్త సైటులో ఆరు గంటల లేన్ నొక్కబోతే వేలు జారి ఏడు గంటలది పడింది. సరిచెయ్యబోతే ఎనిమిదిది పడింది.

"ఈ గడులేంటయ్యా, అగ్గిపెట్టెల్లా! బస్సు ఆపాలంటే బస్టాపంత చోటు కావాలి, అగ్గిపెట్టె చాలదు."

మరిది గడులు పెద్దవి చేశాడు, మధ్యలో ఎడం పెట్టాడు, ఖాయం చేసే ముందు "ఇదేనా మీకు కావాల్సింది?" అని అడిగేలా చేశాడు. బాబాయి వణికే వేలితో నొక్కి, సరిగ్గా పడగానే బల్లమీద ఒక్క చరుపు చరిచాడు. కాఫీ ఒలికింది. ఎవరూ పట్టించుకోలేదు.

కొలను మేనేజరమ్మ మాత్రం అంత తేలిగ్గా కరగలేదు. చెడ్డమనిషి కాదు, లెక్కల మనిషి. "ఒకరిద్దరి కోసం సైటంతా మార్చేయడమా? చూడ్డానికి వెలవెలబోతోంది కూడా" అంది.

"ఒకరిద్దరే వస్తున్నారు కాబట్టి మీకు ఒకరిద్దరే కనిపిస్తున్నారు మేనేజరుగారూ" అంది ఆమె. "రాలేకపోయినవాళ్ళు మీ లెక్కలో ఎలా పడతారు?"

మేనేజరమ్మ కాసేపు పెన్ను తిప్పింది. చివరికి ఒక షరతు పెట్టింది. సరస్సు ఈత పేర్లు కొత్త సైటులోనే తీసుకుంటారు. ఆ రోజు ఇబ్బంది లేకుండా సాగితే కొత్తది ఉంటుంది. గొడవైతే మర్నాడే పాతది తిరిగొస్తుంది. "పోయినేడు వాటంతటవే ఫారాలు నింపేసే రోబో ప్రోగ్రాములు దొంగపేర్లు బోలెడు ఎక్కించాయి, ఆ సంగతి కూడా చూసుకోవాలి నేను" అని కూడా గుర్తుచేసింది. ఆ మాట ఆ సమయంలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆ ఉదయం రానే వచ్చింది. ఆమె తలస్నానం చేసి, పరీక్షకి వెళ్తున్నట్టు బల్లముందు కూర్చుంది. ఒక పక్క తోడికోడలు, ఇంకో పక్క మరిది.

"చెయ్యి పెట్టావో ఊరుకోను" అంది మరిదితో.

"ఇదిగో, చేతులమీద కూర్చున్నా" అన్నాడు. నిజంగానే కూర్చున్నాడు.

పేర్లు తెరవగానే గుమస్తాని పరుగెత్తించింది. ఆమె అలవాటు పడిన ఆ వేగం వేరేవాళ్ళకి మాటల్లా వినపడదు, బియ్యం బస్తా జారినట్టు వినబడుతుంది. తన పేరు, వయసు, తోడు ఈతగత్తె పేరు, తాడు కట్టుకుంటాననే సమ్మతి. ట్యాబ్, ట్యాబ్, ఎంటర్. చివరి బటన్ ఒక్కటే మిగిలింది. నొక్కింది.

గుమస్తా ఒక్కక్షణం ఆగి చదివాడు: "మీరు రోబో కాదని రుజువు చేయండి. పడవలున్న బొమ్మలు ఎంచుకోండి. బొమ్మ. బొమ్మ. బొమ్మ."

మరిది తెరమీదికి వంగి చూశాడు.

"ఇది నేను పెట్టలేదు వదినా! ఒట్టు!" అన్నాడు మరిది. మేనేజరమ్మ కొలను ఆఫీసులో ఎవరిచేతో పెట్టించింది, పొద్దున్నే, రోబోల భయంతో. తెరమీద చిన్న చిన్న ఫోటోలు. కొన్నింటిలో పడవలు, కొన్నింటిలో వంతెనలు. చూపున్నవాడికి చిటికెలో పని.

"చోట్లు సగం పోయాయి అక్కా" అంది తోడికోడలు.

మరిది చేతులు బయటికి తీశాడు. "నేను నొక్కేస్తా వదినా. ఒక్క క్షణం. పేరు ఎక్కిపోతుంది. తర్వాత పోట్లాడుకుందాం."

ఆమె వేళ్ళు కీబోర్డుమీద బిగుసుకున్నాయి. ఏడాదంతా ఎదురుచూసిన ఈత. అతను నొక్కితే ఇప్పుడే దొరుకుతుంది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. స్టీరింగ్ బాబాయి.

"అమ్మాయ్, ఇదేదో పడవల గోల వచ్చిందేంటి? ఒకటి నొక్కబోతే పక్కది పడుతోంది. రెండుసార్లు బయటికి తోసేసింది నన్ను!"

ఆమె మరిది చెయ్యి పక్కకి నెట్టింది. "నువ్వు నొక్కితే నేనొక్కదాన్నే ఎక్కుతాను. బాబాయికి ఎవరు నొక్కుతారు? మనకి ఫోన్ చెయ్యలేని వాళ్ళకి ఎవరు నొక్కుతారు? వద్దు." అని మేనేజరమ్మకి ఫోన్ కలిపింది.

"మేనేజరుగారూ, మీ సైటు నన్ను మనిషినని రుజువు చేసుకోమంటోంది."

"అయ్యో, అది మీ గురించి కాదమ్మా, రోబోల గురించి..."

"రోబో సంగతి దేవుడెరుగు, ఆగిపోయింది నేను. పడవ కనిపిస్తేనే మనిషా అండీ? చెయ్యి వణకకపోతేనే మనిషా? పోయినేడు నేను బయటే ఉండిపోయాను, నోరెత్తలేదు. ఈసారి ఊరుకోను. ఇప్పుడే తీయించండి, చోట్లు ఉండగానే."

తోడికోడలు ఆమె భుజం పట్టుకుంది.

"మీ మరిదిగారున్నారా? ఇవ్వండి" అంది మేనేజరమ్మ చివరికి. ఫోన్ అందుకున్న మరిదితో, "తీసేయండి. కానీ దొంగపేర్లు ఎక్కాయో, మీ తల తీస్తాను" అంది.

అతను పక్క కంప్యూటర్ మీదికి లంఘించాడు. ఒక ఉపాయం ఎప్పుడో రాసి దాచుకున్నాడట, ఎవరూ అడగలేదని పెట్టలేదట. పేజీలో కంటికి కనిపించని పెట్టె ఒకటి ఉంటుంది. మనుషులు దాన్ని చూడరు, నింపరు. రోబోలు ఆత్రంకొద్దీ అన్నీ నింపేస్తాయి, అక్కడే దొరికిపోతాయి. పడవలు పోయాయి, పెట్టె వచ్చింది.

"అయిపోయింది! కానీ వదినా, మొదటినుంచీ మళ్ళీ రాయాలి!"

"చోట్లు?" అంది ఆమె.

"అయిపోవస్తున్నాయి. చెప్పను, నువ్వు రాయి!"

ఆమె వేళ్ళు లగెత్తాయి. మందుల పేర్లు కొట్టి కొట్టి ఆరితేరిన వేళ్ళు. పేరు, వయసు, తోడు, తాడు. ఉన్నట్టుండి గుమస్తా కొత్తమాట ఒకటి చదివాడు: "ఈ పెట్టె రోబోల కోసం. దయచేసి ఖాళీగా వదిలేయండి."

ఆమెకి నవ్వాగలేదు. "మరిదీ, నీ కనిపించని పెట్టె నాకు వినిపించింది!"

కళ్ళున్న ఏ ఈతగాడికీ తెలియని ఆ పెట్టెని ఆమె నవ్వుతూనే దాటింది. చివరి బటన్. ఎంటర్.

"మీ పేరు నమోదైంది" అన్నాడు గుమస్తా, ఎప్పటి గొంతుతోనే.

తోడికోడలు వేసిన కేకకి వీధిలో సైకిలు మీద పోతున్నవాడు కాలు కింద పెట్టి ఆగాడు. మరిది ఆమె కుర్చీని పట్టుకుని గిర్రున తిప్పేశాడు. "ఆపు, కళ్ళు తిరుగుతున్నాయి!" అని ఆమె, "నీకా వదినా!" అని అతను, ఆ మాటకి అందరికన్నా ముందు ఆమే విరగబడి నవ్వడం. అంతలో మళ్ళీ ఫోన్. స్టీరింగ్ బాబాయి గొంతు ఇల్లంతా వినబడింది. "అమ్మాయ్, ఎక్కేశా! ఫుట్‌బోర్డు మీద దొరికింది చోటు, అయినా ఎక్కేశా!" ఆయన తర్వాత ఇంకెవరికీ చోటు మిగల్లేదు.

ఆ రోజు ఒక్క దొంగపేరు కూడా ఎక్కలేదు. కొత్త సైటు ఉండిపోయింది. మేనేజరమ్మ కబురు చేసి మరీ, చూపులేని ఇంకొందరు, కీబోర్డు తప్ప ఇంకేమీ వాడలేని ఒక చక్రాల కుర్చీ ఈతగాడు ఆ ఉదయమే కొత్తగా పేర్లిచ్చారని చెప్పింది. సైటుకి ఏ చిన్న మార్పు చేసినా ముందు ఈమెతోనూ బాబాయితోనూ వాడించి చూస్తామని, ఆ పనికి జీతం ఇస్తామని కూడా అంది. "ఊరికే చెయ్యమంటే చెయ్యను కూడా" అని ఆమె ముందే చెప్పేసింది మరి.

సరస్సు ఈత ఇంకా జరగాల్సే ఉంది. ప్రస్తుతం ఆమె వారంలో మూడు రోజులు, ఉదయం ఆరు గంటల లేన్ తనే ఎంచుకుని వెళ్తోంది. తోడికోడలికి పొద్దున్నే లేవడమంటే మంట. సణుగుతూనే తాడు కట్టుకుంటుంది. "నిన్ను చూసుకోవడానికే వస్తున్నాననుకోకు అక్కా, నీకన్నా ముందు ఒడ్డు చేరాలని వస్తున్నా." "తాడు ఉందిగా పిచ్చిదానా, ఇద్దరం ఒకేసారి చేరతాం." ఇంకా ఆసుపత్రి సైటు ఉంది, రైలు టిక్కెట్ల సైటు ఉంది, కరెంటు బిల్లు సైటు ఉంది. వాటిలో గుమస్తా ఎక్కడెక్కడ నోరు మూస్తున్నాడో ఆమె ఒక్కొక్క ఆఫీసుకీ రాస్తోంది. ఆమె ఒక్కతే రాస్తే ఒక్క గొంతు కిందే లెక్కేస్తారు.

అందుకని, చదువుతున్న మీరు ఒక పని చెయ్యండి. మీ పిల్లల బడి సైటో, మీరు వెళ్ళే ఆసుపత్రి సైటో, మీ సొంత దుకాణం సైటో ఇవాళే తెరవండి. మౌస్ ముట్టుకోకుండా, ట్యాబ్, బాణం, ఎంటర్ కీలతోనే ఒక పని పూర్తి చెయ్యడానికి ప్రయత్నించండి. మీ ఫోన్‌లోనే తెర చదివే గొంతు ఉంటుంది, దాన్ని ఆన్ చేసి వినండి. ఎక్కడ ఆగిపోయారో, ఏ బటన్‌కి పేరు లేదో, ఏ గడువు చాలలేదో స్పష్టంగా ఆ సైటువాళ్ళకి రాయండి. జవాబు రాకపోతే మళ్ళీ రాయండి. మీరే సైట్లు చేసేవాళ్ళైతే, చూపులేనివాళ్ళనీ చేతులు స్వాధీనంలో లేనివాళ్ళనీ మొదటి రోజునుంచే పనిలోకి తీసుకోండి, జీతమిచ్చి. పక్కన ఎవరైనా తెరముందు ఆగిపోయి కనిపిస్తే, "నేను నొక్కేస్తాలే" అనేసి ఊరుకోకండి. వాళ్ళతో కలిసి ఆ ఆఫీసుకి ఫోన్ చెయ్యండి.